అన్ని బ్రౌజర్లలోనూ పనిచేయాలంటే ఎలా?

ప్రశ్న: ‘సైటు అన్ని బ్రౌజర్లలోనూ పనిచేయాలి’ అని క్లయింటు ఒప్పందంలో రాశారు. ఒప్పుకోవచ్చా?

ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోకండి. ‘అన్ని’ అన్నదానికి హద్దు లేదు. ఆండ్రాయిడ్ 4.3, అంతకు ముందు ఫోన్లతో పాటు వచ్చిన బ్రౌజరునే తీసుకోండి. సర్వర్‌తో సురక్షితంగా మాట్లాడే పద్ధతి అయిన టీఎల్ఎస్ 1.2 దానికి రాదు. ఇప్పటి సర్వర్లు చాలావరకు అంతకంటే పాతదాన్ని ఒప్పుకోవు. అంటే వ్యవహారం పేజీ రూపాన్ని చెప్పే మీ సీఎస్ఎస్ దాకా రానే రాదు, కనెక్షన్ దగ్గరే తెగిపోతుంది.

మరోపక్క, బ్రౌజర్ల పేర్ల జాబితా చూసి బెదిరిపోనక్కర్లేదు. పేర్లు డజన్లకొద్దీ ఉన్నా లోపల పేజీని గీసే ఇంజిన్లు ప్రధానంగా మూడే. క్రోమ్, ఒపెరా, బ్రేవ్, శాంసంగ్ ఇంటర్నెట్, 2020 జనవరి నుంచి ఎడ్జ్ కూడా బ్లింక్ మీదే నడుస్తున్నాయి. ఫైర్‌ఫాక్స్‌ది గెకో, సఫారీది వెబ్‌కిట్. ఐఫోన్‌లో క్రోమ్ పేరుతో కనిపించేది కూడా లోపల వెబ్‌కిట్టే. 2024లో ఐఓఎస్ 17.4తో ఐరోపా సమాఖ్య దేశాల్లో వేరే ఇంజిన్లకు ఆపిల్ దారి ఇచ్చినా, పరీక్షించేటప్పుడు ఐఫోన్ అంటే వెబ్‌కిట్ అనుకోవడమే క్షేమం. ఆ ఇంజిను ఐఓఎస్‌తోనే అప్‌డేట్ అవుతుంది కాబట్టి, ‘క్రోమ్ అప్‌డేట్ చేసుకోండి’ అని పాత ఐఫోన్ వాడేవారికి చెప్పి లాభం లేదు.

ఒప్పందంలో రెండు మెట్లు రాయండి. మొదటి మెట్టులో మీరు పేరు, వెర్షన్ రాసిచ్చిన బ్రౌజర్లు: వీటిలో డిజైన్ అనుకున్నట్టే కనిపించాలి. రెండో మెట్టులో వాటికంటే పాతవి: ఇక్కడ విషయం చదవగలగాలి, లింకులు తెరుచుకోవాలి, ఫారం వెళ్లాలి. అందం తగ్గినా ఫర్వాలేదు. ఆ కిందివాటికి మాట ఇవ్వకండి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కి మైక్రోసాఫ్టే 2022 జూన్ 15న సెలవు చెప్పింది. ఇంకా అది కావాలంటే, ఆ పనికి విడిగా డబ్బు అడగండి.

గీత ఎక్కడ గీయాలో మీ సర్వర్ లాగ్ (సర్వర్‌కు వచ్చిన అభ్యర్థనల చిట్టా) చెప్పాలి. సందర్శకులను లెక్కపెట్టే అనలిటిక్స్ అంకెలను మాత్రమే నమ్మితే పొరపాటు పడతారు. ఆ లెక్క వేసేది కూడా జావాస్క్రిప్టే. ఏ బ్రౌజర్లో స్క్రిప్టు ఆగిపోతోందో ఆ బ్రౌజరు వాళ్లే లెక్కలోకి రారు. ‘పాత బ్రౌజర్లవాళ్లు మన సైటుకు రారు’ అన్న అభిప్రాయం తరచూ ఇలాగే పుడుతుంది. ఇంకొకటి, విండోస్ 7, 8.1లకు వచ్చిన చివరి క్రోమ్ 109. కోడ్‌ను ఏ బ్రౌజర్లకు తగ్గట్టు మార్చాలో పనిముట్లకు చెప్పే బ్రౌజర్స్‌లిస్ట్‌లో ‘చివరి 2 వెర్షన్లు’ అని మాత్రమే పెడితే వీళ్లంతా బయటే ఉండిపోతారు. సీఎస్ఎస్ నెస్టింగ్ (ఒక నియమం లోపల మరో నియమం రాయడం) క్రోమ్‌లోకి 112తో వచ్చింది. కాబట్టి బిల్డ్‌లో, అంటే సైటుకు ఎక్కించే ఫైళ్లు తయారుచేసేటప్పుడు, దాన్ని విప్పకపోతే, లోపల రాసిన నియమాలన్నీ 109లో ఎగిరిపోతాయి.

ప్రశ్న: ఒక పాత ఐఫోన్‌లో మా పేజీ పూర్తిగా తెల్లగా వస్తోంది. మిగతా అన్నిచోట్లా బాగుంది. కొత్త జావాస్క్రిప్టును పాత బ్రౌజర్లకు అర్థమయ్యేలా మార్చే బేబెల్ కూడా వాడుతున్నాం. ఎక్కడ వెతకాలి?

సీఎస్ఎస్‌లో తెలియని మాట కనిపిస్తే బ్రౌజరు ఆ ఒక్క లైను వదిలేసి ముందుకు పోతుంది. జావాస్క్రిప్టుకు ఆ ఓర్పు లేదు. తెలియని సింటాక్స్ (రాత పద్ధతి) ఒక్కటి తగిలినా ఫైలు మొత్తం చదవడం మానేస్తుంది, అందులో ఒక్క లైనూ నడవదు. పేజీని స్క్రిప్టే గీస్తున్నట్టయితే తెల్లతెర ఖాయం.

ఫోన్‌ను కేబుల్‌తో మ్యాక్‌కు కలపండి. ఫోన్ సెట్టింగ్స్‌లో సఫారీ అడ్వాన్స్‌డ్ విభాగంలో వెబ్ ఇన్‌స్పెక్టర్ ఆన్ చేసి, మ్యాక్ సఫారీ డెవలప్ మెనూ నుంచి ఆ పేజీ కన్సోల్ తెరవండి. ‘ఇన్‌వాలిడ్ గ్రూప్ స్పెసిఫయర్ నేమ్’ అన్న ఎర్ర లైను ఉంటే దొంగ దొరికినట్టే. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (అక్షరాల్లో వెతికే నమూనాలో) ఎవరో లుక్‌బిహైండ్ (ముందు ఏముందో చూసే షరతు) వాడారు, అంటే (?<= లేదా (?<! తో మొదలయ్యే గుంపు. క్రోమ్‌కు అది 62వ వెర్షన్ నుంచే తెలుసు, సఫారీకి 2023లో 16.4 వచ్చేదాకా తెలియదు. బేబెల్ దీన్ని మార్చదు. ఆ ముక్కను మామూలు గుంపుతో పట్టుకుని, అక్కర్లేని భాగాన్ని కోడ్‌లో తీసేసేలా చేత్తోనే తిరగరాయాలి.

కన్సోల్ ప్రశ్నార్థకం, చుక్క కలిసిన ?. గుర్తు దగ్గర ఆగిందంటే కథ వేరు. దీన్ని బేబెల్ చక్కగా మారుస్తుంది, కానీ సాధారణంగా బయటి లైబ్రరీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను తాకకుండా వదిలేసేలా కాన్ఫిగ్ రాస్తారు. మీ కోడ్ మారి, తెచ్చుకున్న లైబ్రరీ కోడ్ అలాగే ఉండిపోతుంది. ఆ లైబ్రరీ పేరును కాన్ఫిగ్‌లో చేర్చి బిల్డ్ చేయండి. తర్వాత తయారైన ఫైలులోనే ?. కోసం వెతకండి, సోర్సులో కాదు.

లేని ఫంక్షన్ సంగతైతే సింటాక్స్ మార్పిడి సరిపోదు, ఆ ఫంక్షన్ పనిని చేసిపెట్టే అదనపు కోడ్, అంటే పాలీఫిల్ కావాలి. దాన్ని మీ బిల్డ్‌లోనే కలపండి, బయటి సర్వర్ నుంచి లింకు పెట్టకండి. అలా పాలీఫిల్‌లు అందించిన పాలీఫిల్ డాట్ ఐఓ డొమైన్ 2024లో చేతులు మారాక, లక్షకు పైగా సైట్లలోకి హానికర కోడ్ దాని ద్వారానే వెళ్లింది.

ప్రశ్న: పెట్టెలను వరసలో పేర్చే ఫ్లెక్స్‌లో గ్యాప్ (పెట్టెల మధ్య ఖాళీ) పనిచేయని బ్రౌజర్ల కోసం, ఒక సీఎస్ఎస్ సదుపాయం ఉందో లేదో అడిగే సపోర్ట్స్ నియమంతో మార్జిన్ పెట్టాం. అయినా పాత సఫారీలో పెట్టెలు అతుక్కునే ఉన్నాయి. ఎందుకు?

మీరు అడిగిన ప్రశ్నకు సఫారీ నిజమే చెప్పింది. గ్యాప్ తెలుసా అంటే తెలుసంది, కాకపోతే పెట్టెలను అడ్డం, నిలువు గడుల్లో పేర్చే గ్రిడ్‌లో. ఫ్లెక్స్‌లో గ్యాప్ సఫారీకి 14.1తో, 2021లో వచ్చింది. ఏ డిస్‌ప్లేలో (ఫ్లెక్స్‌లోనా, గ్రిడ్‌లోనా) అన్నది సపోర్ట్స్ నియమంతో అడగలేం. వీలైనచోట ఫ్లెక్స్ తీసేసి గ్రిడ్ పెట్టండి. అన్నిటికంటే సులువు అదే. కుదరకపోతే చిన్న స్క్రిప్టుతో కొలవండి: నిలువు దిశలో ఒక ఫ్లెక్స్ పెట్టె, లోపల రెండు ఖాళీ డివ్‌లు, గ్యాప్ 1 పిక్సెల్. పేజీలో చేర్చి దాని స్క్రోల్ ఎత్తు చూస్తే, 1 వస్తే గ్యాప్ ఉన్నట్టు, 0 వస్తే లేనట్టు. దాన్నిబట్టి హెచ్‌టీఎంఎల్ ట్యాగుకు ఒక క్లాస్ తగిలించి, మార్జిన్‌ను ఆ క్లాస్ కింద రాయండి.

ప్రశ్న: ‘ఈ సైటును క్రోమ్‌లో తెరవండి’ అని బోర్డు పెట్టేస్తే సరిపోదా?

సరిపోదు. బ్రౌజరు తన గురించి చెప్పుకునే యూజర్ ఏజెంట్‌ను నమ్మి ఆ బోర్డు పెడతారు. అందులో క్రోమ్ తనను మొజిల్లా అనీ, సఫారీ అనీ కూడా చెప్పుకుంటుంది. ఐప్యాడేమో ఐప్యాడ్‌ఓఎస్ 13 నుంచి మామూలుగా మ్యాక్ అని చెబుతుంది. మీకు కావలసిన సదుపాయం ఉందో లేదో అడగండి, పేరు అడగకండి.

ప్రశ్న: మ్యాక్ లేదు. సఫారీలో ఎలా పరీక్షించాలి?

బ్రౌజర్లలో సైటును పరీక్షించే పనిముట్టు ప్లేరైట్‌లో క్రోమియం (క్రోమ్‌కు ఆధారమైనది), ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్ మూడూ వస్తాయి, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తాయి. లేఅవుట్ తేడాలు, స్క్రిప్టు తప్పులు చాలావరకు అక్కడే బయటపడతాయి. అయితే అది తాజా వెబ్‌కిట్, అసలు సఫారీ కాదు. ఇన్‌పుట్ అక్షరాలు 16 పిక్సెళ్లకు తక్కువైతే తాకగానే పేజీ జూమ్ అవడం, కీబోర్డు లేవగానే అడుగున అతికించిన బటన్ దాని వెనక్కి పోవడం, మ్యూటెడ్ (శబ్దం వద్దనేది), ప్లేస్‌ఇన్‌లైన్ (పేజీలోనే ఆడమనేది) రెండూ లేని వీడియో తనంతట మొదలవకపోవడం లాంటివి అందులో కనిపించవు. విడుదలకు ముందు ఎవరిదైనా ఐఫోన్ ఓ పావుగంట అడిగి తీసుకుని, ఫారం పూర్తిగా నింపి, పంపి చూడండి.