లేని దేశానికి జెండా గీసి, యుద్ధోన్మాదం మీద వ్యంగ్య ప్రింట్లు చెయ్యొచ్చా? జనానికి ఎక్కుతుందా?

చెయ్యొచ్చండి, ఎక్కుతుంది కూడా, కాకపోతే మొదట్లో నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, 4 ఏళ్ళుగా లినోకట్ చేస్తున్నా, అంటే లినోలియం ముక్క (బ్లాకు) మీద బొమ్మ చెక్కి, రంగు పూసి కాగితం మీద అచ్చు తీయడం. మొదటి జెండాల్లో పుర్రెలూ తుపాకులూ అన్నీ కుక్కేశా, చూసినోళ్ళు సినిమా పోస్టరా అని వెళ్ళిపోయారు. జెండా జెండాలాగే ఉండాలండి, రెండు రంగులు, ఒక్క గుర్తు, దూరం నుంచి నిజంగా ఏదో దేశానిదే అనిపించాలి.

జాస్పర్ జాన్స్ అని అమెరికా ఆర్టిస్టు 1969లో వియత్నాం యుద్ధం ఆపాలన్న ఉద్యమానికి వేసిన పోస్టరు వెతికి చూడండి. వాళ్ళ జెండానే, కానీ ఆకుపచ్చ, నలుపు, నారింజ రంగుల్లో, మధ్యలో తెల్లచుక్క. ఆ చుక్కనే కాసేపు చూసి ఖాళీ గోడ వైపు తిరిగితే అసలు రంగులు కంట్లో కనపడతాయి. ఒక్క తుపాకీ లేదందులో!

నాకు దారి మా చేలోనే దొరికింది, గట్టు తగాదా లేని ఊరు డెల్టాలో ఎక్కడుంది చెప్పండి. నా జెండాలో మధ్యన చేను, చుట్టూ గట్టు. ముందు కాగితమంతా గట్టు రంగు వేసేసి దానిమీద చేను బ్లాకు అద్దుతా, కొన్ని ప్రింట్లు తీశాక అదే లినో ముక్కలో చేను అంచులు ఇంకాస్త చెక్కేసి మళ్ళీ తీస్తా, అలా అయిదు జెండాలు, అయిదో దాంట్లో చేను దారమంత, మిగతాదంతా గట్టే. చెక్కేసిన చేను మళ్ళీ రాదు కదా, అందుకే ఈ విషయానికి లినోకట్ మించింది లేదని నా నమ్మకం.

రంగులతో మాత్రం చాలా జాగ్రత్తండి. చేనుకి ఆకుపచ్చ వేస్తే ఒకాయన పక్కదేశం జెండా అనుకుని, దాన్ని చెక్కేస్తున్నానని చప్పట్లు కొట్టాడు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పసుపు వేస్తే పార్టీ జెండా అన్నారు, ఎరుపూ అంతే. చివరికి చేనుకి వరదప్పుడు గోదారి రంగు, గట్టుకి బూడిద రంగు వేశా, ఇక ఎవరిదీ కాకుండా పోయింది, అందరూ వాళ్ళదేమో అన్నట్టు చూశారు. మన జాతీయ జెండా జోలికి వెళ్ళకండి, అవమానిస్తే 1971 చట్టం కింద 3 ఏళ్ళ దాకా జైలు, అసలు మన గొడవ దాంతో కాదు కూడా.

సైనికులతోనూ కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం తెలుసుగా, ప్రపంచ యుద్ధాల కాలం నుంచీ సైన్యానికి మనుషుల్నిచ్చిన ఊరు. ఆ ఊరి రిటైర్డు సుబేదారు గారు అయిదో జెండా ముందు చాలాసేపు నిలబడి, లోపలేం మిగల్లేదు, ఇంక దేనికి కాపలా కాస్తారు బాబూ అన్నారు. ఒక కాపీ అడిగి తీసుకెళ్ళారు.

అచ్చు తీసే ప్రెస్సు లేదని ఆగకండి, బ్లాకు మీద కాగితం పెట్టి గరిటె వెనకవైపుతో రుద్దితే సరిపోద్ది.