ఏఎంహెచ్ 0.6 వచ్చింది, ఇక నాకు పిల్లలు పుట్టరా?

మీకు 33 ఏళ్లు, ఏడాదిన్నరగా పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారు, రక్తపరీక్షలో ఏఎంహెచ్ 0.6 వచ్చింది. అండాలు అయిపోతున్నాయి, వెంటనే ఐవీఎఫ్‌కు (అండాలను బయటికి తీసి ల్యాబ్‌లో ఫలదీకరణ చేసే చికిత్సకు) రమ్మని డాక్టర్ అన్నారు. ఇంత తక్కువ ఉంటే ఐవీఎఫ్ కూడా ఫలించదని తెలిసినవాళ్లు అంటున్నారు. ఏది నమ్మాలి అని అడిగారు.

రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, కానీ ఏదీ పూర్తి నిజం కాదండీ. నా ఏఎంహెచ్ కూడా 1 దాటలేదు, అప్పటికి నాకు 36. నేను డాక్టర్‌ని కాను. ఆ టెన్షన్‌లో దొరికిన పరిశోధనలన్నీ చదివి, మా డాక్టర్‌ని అడిగి అర్థం చేసుకున్నది రాస్తున్నాను.

ముందు ఆ నంబర్ ఏమిటో చూద్దాం. అండాశయంలో పెరగడం మొదలుపెట్టిన చిన్న చిన్న ఫాలికల్స్‌లోని (అండం ఉండే సంచుల్లోని) కణాలు ఏఎంహెచ్ అనే హార్మోన్‌ను తయారుచేస్తాయి. ఫాలికల్స్ ఎక్కువ ఉంటే అది ఎక్కువ, తక్కువ ఉంటే తక్కువ. అంటే చెట్టుకు కాయలు ఎన్ని ఉన్నాయో చెబుతుంది కానీ, ఏ కాయ మంచిదో చెప్పదు. అండం నాణ్యత ఎక్కువగా వయసును బట్టి ఉంటుంది. ఎంబ్రియోల (అండం ఫలదీకరణ చెందాక ఏర్పడే పిండాల) క్రోమోజోములను పరీక్షించిన ఒక పెద్ద అధ్యయనం 2014లో వచ్చింది. అందులో లోపాలు అందరికంటే తక్కువగా కనబడింది 26 నుంచి 30 ఏళ్ల వాళ్లలో. 42 ఏళ్లకు వచ్చేసరికి దాదాపు నాలుగింట మూడు వంతుల ఎంబ్రియోలు లోపంతోనే ఉన్నాయి. మీరు 33లో ఉన్నారు. ఈ సంగతి మీ రిపోర్టులో ఎక్కడా రాసి ఉండదు గానీ, 0.6 కంటే నాకు ఇదే పెద్ద విషయంగా అనిపిస్తుంది.

మా తోడికోడలిది దీనికి పూర్తిగా ఎదురు. అండాశయాల్లో చిన్న ఫాలికల్స్ ఎక్కువగా ఉండే పీసీఓఎస్ వల్ల ఆమె ఏఎంహెచ్ చాలా ఎక్కువ. రిపోర్టు చూసినవాళ్లంతా నీకేం భయం లేదన్నారు. అప్పటికే ఆమెకు 40 దాటాయి. ఐవీఎఫ్‌లో అండాలు బోలెడన్ని వచ్చాయి. పొట్ట ఉబ్బి, ఆయాసం వచ్చి, హైపర్‌స్టిమ్యులేషన్ (మందులకు అండాశయాలు అతిగా స్పందించడం) అని ట్రాన్స్‌ఫర్, అంటే ఎంబ్రియోను గర్భాశయంలో పెట్టడం, వాయిదా వేశారు. తీరా ఎంబ్రియోలను పరీక్షిస్తే చాలావాటిలో క్రోమోజోముల లోపమే. ఇద్దరం రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నప్పుడు, సంఖ్య, నాణ్యత వేర్వేరని నాకు బాగా అర్థమైంది.

సహజంగా గర్భం వచ్చే విషయంలో ఏఎంహెచ్ ఎంతవరకు పనికొస్తుందో అమెరికాలో పరీక్షించి చూశారు. 2017లో జామా పత్రికలో వచ్చిన ఆ అధ్యయనంలో 30 నుంచి 44 ఏళ్ల మధ్య ఉన్న 750 మంది ఉన్నారు. ఏఎంహెచ్ 0.7 కంటే తక్కువ ఉన్నవాళ్లలో ఆరు నెలసరి చక్రాల లోపు గర్భం వచ్చే అవకాశం 65 శాతం, మామూలుగా ఉన్నవాళ్లలో 62 శాతం. అంటే తేడా లేనట్టే. అయితే అది చూసి మీరు ఇంకో రెండేళ్లు ఆగుదామనుకోకండి. ఆ 750 మందికి అంతకుముందు సంతానలేమి సమస్య లేదు. మీకు ఏడాదిన్నర అయింది కాబట్టి కారణం వెతకాల్సిందే, ఆ కారణం ఏఎంహెచ్ కాకపోవచ్చు. మీవారి వీర్య పరీక్ష, మీ ట్యూబుల పరీక్ష అయ్యాయో లేదో మీరు రాయలేదు. అవి కాకుండా నేరుగా ఐవీఎఫ్ అంటే మాత్రం ఎందుకని తప్పకుండా అడగండి.

ఐవీఎఫ్‌లో ఏఎంహెచ్‌కు నిజంగానే విలువ ఉంది. అండాలను పెంచే ఇంజెక్షన్లకు ఎన్ని అండాలు వస్తాయో దాన్నిబట్టి, స్కాన్‌లో లెక్కపెట్టే చిన్న ఫాలికల్స్‌ను బట్టి బాగానే అంచనా వేయగలరు. బ్రిటన్‌లో జరిగిన నాలుగు లక్షల ఐవీఎఫ్ సైకిల్స్‌ను (చికిత్స ప్రయత్నాలను) పరిశీలించి 2011లో ఒక అధ్యయనం వచ్చింది. అండాలు 15 దాకా పెరిగేకొద్దీ బిడ్డ పుట్టే అవకాశం పెరిగింది, 20 దాటాక తగ్గింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే నాకు అన్ని రావని తెలుసు. తర్వాత మా డాక్టర్ చెప్పారు, అది ఒక్క సైకిల్‌కు, అందరినీ కలిపి వేసిన సగటు అని. తక్కువ అండాలు వచ్చేవాళ్లకు ఒక్కసారిలో అవకాశం తక్కువ. పూర్తిగా లేదని దాని అర్థం కాదు.

మరి ఇంజెక్షన్ల డోసు పెంచితే? నేనూ అదే అడిగాను. నెదర్లాండ్స్‌లో 1,500 మందికి పైగా మహిళలతో చేసిన ట్రయల్ 2017లో వచ్చింది. ఫాలికల్స్ తక్కువ ఉన్నవాళ్లలో కొందరికి మామూలు డోసు, కొందరికి పెద్ద డోసు ఇచ్చి చూశారు. పెద్ద డోసు వల్ల పుట్టిన బిడ్డల సంఖ్య పెరగలేదు. లేని ఫాలికల్స్‌ను మందు పుట్టించలేదు కదా. ఉన్నవాటిలో ఆ నెల ఎదగడానికి సిద్ధంగా ఉన్నవాటినే అది పెంచగలదు.

ఇదే కారణంతో ఇంకో భయం కూడా పోతుంది. ఇంజెక్షన్లు చేస్తే మిగిలిన కాస్త అండాలూ త్వరగా అయిపోతాయని మా అత్తగారు చాలా కలవరపడ్డారు. అలా జరగదు. ఆడపిల్ల పుట్టేటప్పుడు 10 నుంచి 20 లక్షల అండాలు ఉంటాయి, రజస్వల అయ్యేనాటికి 3, 4 లక్షలు మిగులుతాయి, జీవితం మొత్తం మీద విడుదలయ్యేవి 400 నుంచి 500. మిగతావన్నీ నెలనెలా వాటంతటవే నశిస్తాయి. ఇంజెక్షన్లు కాపాడేది ఆ నెల ఎలాగూ పోయేవాటిలో కొన్నింటిని.

నా సంగతి చెప్తాను. మొదటిసారి వచ్చిన కొద్ది అండాల్లో ఒక్కటీ ట్రాన్స్‌ఫర్ దాకా రాలేదు. ఆ ఫోన్ వచ్చిన రోజు మా ఆయన నేను ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. ఆ తర్వాత కొన్ని నెలల పాటు వచ్చిన ఎంబ్రియోలను ఫ్రీజ్ చేస్తూ పోగుచేశాం. వాటిలో ఒకటి నిలబడింది, ఇప్పుడు మాకు పాప ఉంది. నాకు అయింది కాబట్టి మీకూ అవుతుందని నేను అనను, నా ఒక్కదాని కథ దేనికీ రుజువు కాదు. కాకపోతే తక్కువ అండాలతో నడిచే దారి ఎలా ఉంటుందో ముందే తెలిస్తే మొదటి సైకిల్ పోయినప్పుడు అంతా అయిపోయిందని అనిపించదు. అవకాశం ఉంటే, ఒకటి కంటే ఎక్కువ సైకిల్స్ పడతాయన్న లెక్కతోనే మనసుకూ డబ్బుకూ సిద్ధపడండి.

సక్సెస్ రేటు అడిగినప్పుడు మాత్రం జాగ్రత్త. ఎంబ్రియో పెట్టినవాళ్లలో ఎంతమందికి వచ్చిందని చెబితే ఆ శాతం పెద్దగా కనబడుతుంది, ఎందుకంటే నా మొదటి సైకిల్ లాంటివి ఆ లెక్కలోకే రావు. టెస్ట్ పాజిటివ్ వచ్చినవాళ్లను లెక్కపెడితే ఇంకా పెద్దగా కనబడుతుంది, మధ్యలో గర్భం పోయినవాళ్లు కూడా అందులో ఉంటారు కాబట్టి. మీరు అడగాల్సింది ఇది: నా వయసులో, నాలాంటి ఏఎంహెచ్‌తో ఇంజెక్షన్లు మొదలుపెట్టినవాళ్లలో ఎంతమంది బిడ్డను ఇంటికి తీసుకెళ్లారు? ఈ ప్రశ్నకు విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టర్ దొరికితే సగం బరువు దిగినట్టే.

ఏఎంహెచ్ పెంచుతామని చెప్పేవాళ్లు చాలామంది కనబడతారు. డీహెచ్ఈఏ అనే హార్మోన్ మాత్రలు నాకూ రాశారు. యూరప్‌లోని సంతానలేమి వైద్య నిపుణుల సంఘం ఎష్రే 2019 మార్గదర్శకాల్లో తక్కువ అండాలు వచ్చేవాళ్లకు వాటిని సిఫారసు చేయలేదు. అండాశయంలోకి పీఆర్‌పీ (మన రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం) ఎక్కించడాన్ని కూడా అదే సంఘం 2023లో సిఫారసు చేయలేదు. ఆశ ఉన్నచోట ఎవరైనా దేనికైనా ఒప్పుకుంటారు, నాకు తెలుసు. అందుకే ఈ విషయంలో నాకు కోపం ఎక్కువ.

రిపోర్టు గురించి ఒకటి. యూనిట్ చూడండి. కొన్ని ల్యాబ్‌లు నానోగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని పికోమోల్స్‌లో. మిల్లీలీటరుకు 1 నానోగ్రాము అంటే లీటరుకు దాదాపు 7 పికోమోల్స్‌తో సమానం, కాబట్టి యూనిట్ తెలియకుండా ఇంకొకరి నంబర్‌తో పోల్చుకోకండి. ఈ మధ్య దాకా గర్భనిరోధక మాత్రలు వాడి ఉంటే ఏఎంహెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. స్కాన్‌లో ఫాలికల్స్ లెక్క దానికి సరిపోతోందో లేదో అడగండి.

మీకు గతంలో చాక్లెట్ సిస్టుకు (ఎండోమెట్రియోసిస్ వల్ల అండాశయంలో వచ్చే, పాత రక్తం నిండిన గడ్డకు) ఆపరేషన్ జరిగిందా? జరిగితే డాక్టర్‌కు తప్పక చెప్పండి, దానివల్ల కూడా ఏఎంహెచ్ తగ్గుతుంది. మీ అమ్మగారికి, పిన్నిలకు నెలసరి ఏ వయసులో ఆగిందో కూడా కనుక్కోండి. 40 లోపే ఆగిన వాళ్లుంటే ఎఫ్ఎంఆర్1 జన్యు పరీక్ష అవసరమా అని అడగండి. ఆ జన్యువులో మార్పు ఉంటే అండాలు త్వరగా తగ్గిపోవడమే కాదు, పుట్టబోయే బిడ్డకు ఫ్రాజైల్ ఎక్స్ అనే, బుద్ధి ఎదుగుదలను దెబ్బతీసే జబ్బు వచ్చే ప్రమాదమూ ఉంటుంది. ఐవీఎఫ్ మొదలుపెట్టకముందే ఆ సంగతి తెలిస్తే, ఎంబ్రియోలను పరీక్షించాకే ట్రాన్స్‌ఫర్ చేయించుకోవచ్చు.