పాత ఎస్టీమ్‌లో రేడియో పట్టడం లేదా? సెట్ పీకించే ముందు ఇవి చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. శ్రీకాకుళంలో మావయ్యగారి 2004 మారుతి ఎస్టీమ్ మీ చేతికొచ్చింది, కారుతో ఇచ్చిన పుస్తకం ఎక్కడో పోయింది. రేడియోలో ఒక్క స్టేషనూ కుదురుగా నిలవదు. తాళం తీసి మళ్లీ పెడితే గడియారం పన్నెండు నుంచి మొదలవుతుంది. పవర్ విండోలు ఒక్కోసారి పలకవు. ఏసీ గాలి నాలుగో నంబరులో తప్ప రాదు. మెకానిక్ ఏమో పాత సెట్ పీకేసి ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించుకోమంటున్నాడు. పెట్టించమంటారా అని అడిగారు.

నన్నడిగితే ఇప్పుడే వద్దు. నాదీ ఎస్టీమే, 2005 మోడల్. విజయనగరంలో పన్నెండేళ్లుగా నడుపుతున్నాను, అది కూడా సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదే. మీరు రాసినవాటిలో ఏసీ సంగతి తప్ప మిగతావన్నీ నా కారుకీ ఉండేవి. సెట్ మార్చకుండానే అన్నీ కుదురుకున్నాయి.

తాళం సంగతి ముందు చెప్పేస్తాను. మీ కిటికీల బాధ నాకు అక్కడే కనిపిస్తోంది. తాళం పెట్టి ఒక మెట్టు తిప్పితే ఏసీసీ, అంటే రేడియోకీ, సిగరెట్ లైటర్ సాకెట్‌కీ మాత్రమే కరెంటు. ఇంకో మెట్టు తిప్పితే ఆన్. మీటర్ల దగ్గర ఎర్రదీపాలు వెలుగుతాయి చూడండి, కిటికీలూ ఏసీ బ్లోయరూ అప్పుడే పనిచేస్తాయి. ఇంజిన్ ఆపి, పాటలు వింటూ కిటికీ బటన్ నొక్కితే అద్దం కదలదు. పాట వస్తోంది కదా, కరెంటు ఉన్నట్టే కదా అనుకుంటాం. మా అబ్బాయి ఒకసారి మయూరి జంక్షన్ దగ్గర వానలో కారాపుకుని, "నాన్నా, అద్దం ఎక్కట్లేదు, తడిసిపోతున్నాను" అని ఫోన్ చేశాడు. ఇంకో మెట్టు తిప్పరా అన్నాను. అంతే.

ఆన్‌లో పెట్టినా మూలుగుతూ ఎక్కుతుంటే అద్దం జారే రబ్బరు గాడిలో దుమ్ము పేరుకుందని అర్థం. తడిగుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. నాలాగా కొబ్బరినూనె మాత్రం రాయకండి. రాసిన రోజు వెన్నలా జారింది, వారానికల్లా రోడ్డు మీద దుమ్మంతా దానికి పట్టేసి ముందుకంటే అధ్వాన్నమైంది. డ్రైవరు వైపు అద్దం ఒక్కటే పనిచేసి మిగతావి పలక్కపోతే, స్విచ్చుల దగ్గర కిటికీల లాక్ బటన్ ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇళ్లలో ఎవరో నొక్కి మర్చిపోతుంటారు.

ఇక గడియారం. రేడియో సెట్ వెనక రెండు కరెంటు వైర్లుంటాయి. బయట కొన్న సెట్లలో మామూలుగా పసుపు వైరు నేరుగా బ్యాటరీ నుంచి రావాలి, ఎర్ర వైరు తాళం తిప్పితేనే రావాలి, నలుపు ఎర్త్. గడియారం, దాచుకున్న స్టేషన్లు, సౌండ్ సెట్టింగులు ఇవన్నీ పసుపు వైరు మీదే బతుకుతాయి. ఎప్పుడో ఎవరో సెట్ బిగించేటప్పుడు ఓపిక లేక పసుపూ ఎరుపూ కలిపేసి తాళం వైరుకి చుట్టేసి ఉంటారు. తాళం తీయగానే సెట్‌కి మతిపోతుంది. నాదీ అదే కథ. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికెళ్లి "సెట్ బాగోలేదు" అంటే "మార్చీండి సార్, ఇదింకేటి పనికొస్తాది" అంటారు. అలా అనకుండా, "పసుపు వైరులో తాళం తీశాక కరెంటు ఉందో లేదో టెస్టర్ పెట్టి చూడు బాబూ" అనండి. పావుగంట పని. అంతకంటే ముందు మీరు చూడగలిగింది ఒకటుంది. పైకప్పు లైటు వెలుగుతోందా? చాలా పాత కార్లలో ఆ లైటూ రేడియో జ్ఞాపకమూ ఒకే ఫ్యూజు మీద ఉంటాయి. లైటు కూడా లేకపోతే ముందు ఆ ఫ్యూజే చూడండి. కొందరు తిరకాసుగా రెండు వైర్లూ బ్యాటరీకే కలిపేస్తారు. అప్పుడు తాళం లేకుండానే రేడియో మోగుతుంది, బావుందనిపిస్తుంది, ఒక రాత్రి ఆపడం మర్చిపోతే తెల్లారి కారు స్టార్టవదు.

ఇప్పుడు అసలు సంగతి, స్టేషన్లు. నాకు కారు అమ్మినాయన కొడుకు అమెరికాలో ఉండేవాడు, సెట్ అక్కణ్నుంచి పంపించాడట. చూడ్డానికి దివ్యంగా ఉండేది. మిర్చి 98.3 శుభ్రంగా వచ్చేది, 93.5 వచ్చేది, 92.7 వచ్చేది. ఆకాశవాణి రెయిన్‌బో 102 మాత్రం గరగరలాడేది, మాటల్లో 'స' వచ్చినప్పుడల్లా పాము బుస కొట్టినట్టుండేది. మీడియం వేవ్‌లో విశాఖపట్నం కేంద్రం 927 అయితే గోనెసంచీలోంచి మాట్లాడినట్టు వినిపించేది. యాంటెన్నా మార్చాను, ఎర్త్ మార్చాను. ఆర్నెల్లు ఆకాశవాణినే తిట్టుకున్నాను.

ఒక ఆదివారం చేత్తో ట్యూన్ చేస్తుంటే గమనించాను. అంకె 920 నుంచి 930కి దూకుతోంది. 927 దగ్గర ఆగడం లేదు! అమెరికాలో మీడియం వేవ్ స్టేషన్లు 10 కిలోహెర్ట్జ్ దూరంతో ఉంటాయి, మన దగ్గర 9. 927ని 9తో భాగించి చూడండి, సరిగ్గా 103. వాళ్ల మెట్ల మీద మన స్టేషనుకి చోటే లేదు. ఎఫ్ఎంలో కూడా వాళ్ల సెట్లు 0.2 చొప్పున నడుస్తాయి, దశాంశం తర్వాత బేసి అంకెలే పట్టుకుంటాయి. 92.7, 93.5, 98.3 అన్నీ బేసి కాబట్టి చక్కగా వచ్చాయి. 102.0 పాపం 101.9కీ 102.1కీ మధ్య ఇరుక్కుపోయింది.

మందు సెట్‌లోనే ఉంది. నా సెట్‌లో పవర్ ఆపి, సోర్స్ బటన్ గట్టిగా పట్టుకుంటే లోపలి మెనూ తెరుచుకుంది. అందులో ఏఎం స్టెప్, ఎఫ్ఎం స్టెప్ అని రెండున్నాయి. ఏఎం అంటే ఇక్కడ మీడియం వేవే. మొదటిది 9కి, రెండోది చిన్న అంకెకి మార్చాను. కొన్ని కంపెనీల సెట్లలో ఇదే 'ఏరియా' అన్న పేరుతో ఉంటుంది. మార్చాక దాచుకున్న స్టేషన్లు చెరిగిపోతాయి, కంగారు పడకండి. ఆ సాయంత్రం 927లో వినిపించిన మొదటి గొంతు ఎంత తేటగా ఉందంటే, మా ఆవిడ వీధిగుమ్మంలోంచి "ఎవరొచ్చారూ" అంది.

మీ సెట్ ఏ దేశానిదో తెలుసుకోవడం తేలిక. 98.3లో పెట్టి చేత్తో ఒక్క నొక్కు ముందుకి నొక్కండి. 98.5 వస్తే అమెరికా మెట్లు. 98.35 గానీ 98.4 గానీ వస్తే మన మెట్లే. డయల్ 76 దగ్గర మొదలై 90 దగ్గర ఆగిపోతే మాత్రం అది జపాన్ దేశంలో వాడకానికి చేసిన సెట్. మన స్టేషన్లేవీ దానికి అందవు. అప్పుడు మీ మెకానిక్ మాటే ఖాయం, మార్చేయండి.

మెట్లు సరిగానే ఉంటే తర్వాత చూడాల్సింది ఎల్ఓసీ అనే గుర్తు. తెర మీద అది వెలుగుతుంటే, తనంతట తానే స్టేషన్ వెతికే సీక్ బటన్ నొక్కినప్పుడు సెట్ బాగా గట్టి స్టేషన్ల దగ్గరే ఆగుతుంది. విశాఖలో ఉన్నవాళ్లకి అది సుఖం. శ్రీకాకుళంలో మీకు ఏదీ దొరక్కుండా అంకెలు గిర్రున తిరుగుతూనే ఉంటాయి. దాన్ని ఆపేయండి. స్టీరియో నుంచి మోనోకి మార్చే బటన్ ఉంటే నొక్కండి, బలహీనంగా వచ్చే స్టేషన్‌లో సగం బుస తగ్గుతుంది. నచ్చిన స్టేషన్ వచ్చాక ఒకటి నుంచి ఆరు వరకు ఉన్న ఏదో ఒక బటన్‌ని బీప్ వినిపించేదాకా నొక్కి పట్టుకుంటే అక్కడ నిలుస్తుంది. ఊరికే తట్టి వదిలేస్తే అంతకుముందు దాచిందే వస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు.

అయితే ఎఫ్ఎం మీద మరీ ఆశ పెట్టుకోకండి. ఆ తరంగాలు దాదాపు కంటిచూపులా సూటిగా పోతాయి, కొండ అడ్డొస్తే ఆగుతాయి, దూరం పెరిగితే నేల వంపు తిరగడంతో మన తల మీదుగా పైకి పోతాయి. నా కారులో విశాఖ స్టేషన్లు తగరపువలసలో నిండుగా, భోగాపురం దాటేదాకా ఫర్వాలేదన్నట్టుగా వస్తాయి. పూసపాటిరేగ నుంచి దోబూచులు మొదలు. రణస్థలంలో ఫ్లైఓవర్ ఎక్కితే ఒక చరణం, దిగితే గరగర. మీ దగ్గరికి వచ్చేసరికి సెట్ ఎంత మంచిదైనా చేసేదేమీ లేదు. మీడియం వేవ్ అలా కాదు, నేలని అంటిపెట్టుకుని పోతుంది. పగటిపూట 927 మీ ఊళ్లో పలకాలి. రాత్రయితే పైనుంచి తిరిగొచ్చే దూరదేశాల స్టేషన్లు కలగాపులగం చేస్తాయి, హైటెన్షన్ తీగల కింద గుయ్యిమంటుంది, అది మామూలే.

యాంటెన్నా బయటికి లాగే రకమైతే పూర్తిగా లాగండి. 98 మెగాహెర్ట్జ్‌కి సరిపడే పొడవు సుమారు 75 సెంటీమీటర్లు, సగం లాగితే సగం పనే. ఎఫ్ఎం కాస్తో కూస్తో వచ్చి మీడియం వేవ్ బొత్తిగా రాకపోతే అనుమానం యాంటెన్నా మొదలు మీద. మన సముద్రపు గాలికి అక్కడ ఎర్త్ తుప్పుపట్టి పోతుంది. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే చాలు. సెట్ వెనక యాంటెన్నా పిన్ వదులైందేమో కూడా చూడమనండి.

లైటర్ సాకెట్‌లో చవకరకం మొబైల్ చార్జర్ గుచ్చి ఉంచారా? ఒకసారి పీకి వినండి. నేను చిలకపాలెం టోల్ గేటు దగ్గర, ఫోన్ నిండిందని చార్జర్ లాగేసిన క్షణంలో రేడియో ఒక్కసారిగా గొంతు సవరించుకుంది. అప్పటిదాకా ఆ గోల ఇంజిన్‌దే అనుకున్నాను. నిజంగా ఇంజిన్‌దైతే యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఈల సన్నబడుతూ పైకి పోతుంది, అది వేరే సంగతి, ఎర్త్ వైరు చూపించుకోవాలి.

సెట్ పీకించొద్దని ఎందుకంత గట్టిగా అంటున్నానంటే, ఈ ఆండ్రాయిడ్ స్క్రీన్లలో చాలావాటికి మీడియం వేవ్ ఉండదు, ఎఫ్ఎం కూడా మొక్కుబడిగానే ఉంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మేం ఆ వారం అక్కడే, మా అత్తవారింట్లో ఉన్నాం. తెల్లారేసరికి పెరట్లో కొబ్బరిచెట్లన్నీ ఒకే దిక్కుకి పడున్నాయి. కరెంటు లేదు, ఫోన్లలో సిగ్నల్ లేదు, రోడ్డు మీద అడుగడుగునా చెట్లే. పశువులశాల పక్కన కారు మాత్రం పైన జీడికొమ్మ పడి, బానెట్ సొట్టతో బతికుంది. మా అత్తగారు అన్నారు: "బాబూ, ఆ కారులో రేడియో పలుకుతాదేటి?" తాళం ఒక్క మెట్టు తిప్పి 927 పెట్టాను. కాసేపటికి ఇరుగుపొరుగు ఇరవైమంది నాలుగు తలుపుల దగ్గరా మూగారు. రోజుకి నాలుగుసార్లు, పదేసి నిమిషాలు, వార్తలకి మాత్రమే పెట్టేవాణ్ని. ఏసీసీలోనే ఉంచాను, ఆన్‌లో పెట్టలేదు. ఇంజిన్ ఆగి ఉండగా ఆన్‌లో వదిలేస్తే బ్యాటరీ ఊరికే కరిగిపోతుంది. మూడో రోజు రోడ్డు తెరుచుకున్నాక తాళం తిప్పితే ఒక్క కొట్టుకే స్టార్టయింది.

మీ ఏసీ సంగతి చిన్నదే. నాలుగులో గాలి వచ్చి ఒకటి, రెండు, మూడులో రాకపోతే బ్లోయర్ రెసిస్టర్, అంటే ఫ్యాన్ వేగం తగ్గించే భాగం, కాలిపోయినట్టే. నాలుగో స్పీడుకి రెసిస్టర్‌తో పని లేదు, అందుకే అదొక్కటే బతికుంది. చిన్న సామాను, మోటారు మార్చాలంటే ఒప్పుకోకండి. వానాకాలంలో ముందు అద్దం లోపలివైపు మసకబారితే గుడ్డతో తుడవొద్దు. గాలి మీటని అద్దం వైపు తిప్పి, బయటి గాలి వచ్చేలా పెట్టి, ఏసీ వెయ్యండి, రెండు నిమిషాల్లో విడుతుంది. వెనక అద్దం మీద సన్నటి గీతలుంటే అవి వేడెక్కే తీగలు. పాత స్టిక్కర్లు గోకేటప్పుడు బ్లేడు వాడితే తెగిపోతాయి. రాత్రిపూట హైవే మీద వెనక లారీ లైట్లు కళ్లలో కొడుతుంటే లోపలి అద్దం కింద బుల్లి మీట ఉంటుంది, వెనక్కి లాగండి. మా ఇంట్లో ఆ మీట ఉందని ఆరేళ్లు ఎవరికీ తెలీదు.

సెట్ ముందుభాగం ఫొటో, 98.3 తర్వాత ఏ అంకె వచ్చిందో, రెండూ ఇక్కడ పెట్టండి. ఏ బటన్ పట్టుకోవాలో చెప్తాను. ఈలోగా స్క్రీన్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి.