హిందూ అబ్బాయితో పెళ్లి: రిజిస్టర్ చేసుకుని తర్వాత ఫాదర్‌గారి దీవెన తీసుకుంటే చాలదా?

చాలదు. మీరు కతోలిక్, అబ్బాయికి జ్ఞానస్నానం (బాప్తిస్మం) లేదు. 1983 నాటి శ్రీసభ (కతోలిక చర్చి) చట్టంలో 1086వ నిబంధన ప్రకారం, మినహాయింపు లేకుండా జరిగితే ఆ పెళ్లి శ్రీసభ దృష్టిలో అసలు చెల్లదు. మినహాయింపు ఇవ్వాల్సింది మేత్రాసనం, అంటే బిషప్‌గారి కార్యాలయం. విచారణ గురువులకు, అంటే మీ చర్చి ఫాదర్‌గారికి, ఆ అధికారం మామూలుగా ఉండదు, కాగితాలు సిద్ధం చేసి పైకి పంపడం వరకే ఆయన పని. ఆయన మీద కోప్పడి లాభం లేదు.

అబ్బాయి సీఎస్ఐ, లూథరన్ లాంటి ప్రొటెస్టంట్ సంఘంలో జ్ఞానస్నానం పొందినవాడైతే మినహాయింపు అక్కర్లేదు, మేత్రాసనం అనుమతి చాలు. అయితే మన దగ్గర పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున కాకుండా ‘యేసు నామంలో’ మాత్రమే బాప్తిస్మం ఇచ్చే సంఘాలున్నాయి. దాన్ని శ్రీసభ లెక్కలోకి తీసుకోదు, మళ్లీ 1086 దగ్గరికే వస్తారు.

ముందు మీ జ్ఞానస్నాన పత్రం కొత్తగా తీయించండి. సాధారణంగా ఆరు నెలల లోపుది అడుగుతారు. పెళ్లయితే ఆ సంగతి జ్ఞానస్నాన రిజిస్టరులోనే రాస్తారు కాబట్టి, చిన్నప్పుడు ల్యామినేషన్ చేయించి దాచినది పనికిరాదు. రిజిస్టరులో మరియమ్మ, ఆధార్‌లో లావణ్య అని ఉంటే ఆ చిక్కు ఇప్పుడే విప్పుకోండి, చివరి వారంలో ప్రాణం తీసేది అదే. తర్వాత వివాహ శిక్షణ, అబ్బాయికి ఇదివరకు పెళ్లి కాలేదని ఎరిగినవాళ్ల సాక్ష్యం.

ఇళ్లలో గొడవంతా మాట ఇచ్చే దగ్గరే. మాట ఇవ్వాల్సింది మీరు ఒక్కరే: నా విశ్వాసం వదలను, పిల్లల్ని కతోలికులుగా పెంచడానికి చేతనైనంతా చేస్తాను అని. ‘చేతనైనంతా’ అన్న మాట గమనించండి. అబ్బాయి మతం మారనక్కర్లేదు, మీరు ఇచ్చిన మాట అతనికి తెలిస్తే చాలు. పెళ్లి కోసం హడావిడిగా జ్ఞానస్నానం ఇప్పించడం మాత్రం వద్దు.

పొద్దున ఫంక్షన్ హాల్లో పురోహితుడితో, సాయంత్రం చర్చిలో అనే రెండు పెళ్లిళ్ల బేరం కుదరదు, శ్రీసభ చట్టంలోని 1127వ నిబంధన ఒప్పుకోదు. తాళి గురించి దిగులు పడకండి. ఫాదర్‌గారు దీవించాక చర్చిలోనే కట్టించవచ్చు.

ఇక ప్రభుత్వ చట్టం. ఒకరు క్రైస్తవులైతే 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద చర్చి పెళ్లి చెల్లుతుంది. హిందూ వివాహ చట్టానికి ఇద్దరూ హిందువులే కావాలి. కతోలిక వరుడు, హిందూ వధువు గుడిలో పెళ్లాడి ఆ చట్టం కింద రిజిస్టర్ చేయించుకున్న విశాఖ కేసులో ఆ పెళ్లి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇప్పటికే రిజిస్టర్ అయిపోతే దారి మూసుకుపోలేదు. మినహాయింపు తెచ్చుకుని ఫాదర్‌గారి ముందు, ఇద్దరు సాక్షుల ఎదుట మళ్లీ సమ్మతి చెప్పాలి. అబ్బాయి రెండోసారి చెప్పనంటే, పాత సమ్మతినే బిషప్‌గారు మూలం నుంచి చెల్లుబాటు చేసే పద్ధతి కూడా ఉంది. అది తేలేదాకా దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకోకూడదు.

కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి. మేత్రాసనం నుంచి ఉత్తరం చేతికొచ్చాకే శుభలేఖలు అచ్చుకివ్వండి.