టైర్లు అరిగాయని కార్డు గీకకండి

ఖమ్మం నుంచి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చే జీతం 52,000. రెండేళ్ల కింద లోన్ మీద సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు, ఈఎంఐ 9,800. నాన్నగారి వైద్యం కోసం నెలకు రెండుసార్లు హైదరాబాద్ వెళ్లొస్తారు. ముందు టైర్లు రెండూ అరిగిపోయాయి, షాపులో నాలుగూ మార్చాలన్నారట. బడ్జెట్ రకం సెట్టు 18,400, మధ్యరకం 24,000, ప్రీమియం 35,200. "ఫ్యామిలీ సేఫ్టీ కదా, ప్రీమియమే వేయించి క్రెడిట్ కార్డు మీద కట్టేద్దామనుకుంటున్నాను, 45 రోజులు వడ్డీ ఉండదు. లేదంటే ఒక లోన్ యాప్ వాళ్లు 40,000 ఇస్తామంటున్నారు. ఏది మంచిది?" అని అడిగారు. కార్డు మీద ఇప్పటికే 58,000 బాకీ ఉందనీ, నెలనెలా మినిమమ్ డ్యూ కడుతున్నాననీ చివర్లో ఒక్క ముక్క రాశారు. బ్యాంకులో ఉన్నది 7,000.

ఆ చివరి ముక్క కోసమే ఈ ప్రశ్న తీసుకున్నాను, ఎందుకంటే ఇదే పొరపాటు చాలామంది చేస్తున్నారు. బాకీ పూర్తిగా తీర్చకుండా మినిమమ్ కడుతూ పోతున్న కార్డుకి 45 రోజుల గడువు ఉండదండీ. మీరు టైర్ల షాపులో కార్డు గీకిన రోజు నుంచే ఆ 35,200 మీద వడ్డీ మొదలవుతుంది. నెలకు మూడున్నర శాతం లెక్కన మీ 58,000 మీద వడ్డీ 2,030, దాని మీద జీఎస్టీ మరో 365. అంటే మీరు కడుతున్న 3,000లో అసలుకి పోయేది 600 మాత్రమే, దాని మీద ఇంకో 35,000 వేస్తారా? ఇక లోన్ యాప్ మాట ఎత్తకండి. నాన్నగారి ఆరోగ్యం అలా ఉన్న ఇంట్లో, చేతిలో ఏడు వేలతో ఉన్న మనిషి ఆ అప్పు జోలికి వెళ్లడం నేను ఒప్పుకోను.

ముందు టైర్ల లెక్క తేల్చేద్దాం. మధ్యరకం సెట్టు 40,000 కిలోమీటర్లు నడిచిందనుకుంటే కిలోమీటరుకి 60 పైసలు పడుతుంది. ప్రీమియం సెట్టు అదే ఖర్చులోకి రావాలంటే దాదాపు 58,700 కిలోమీటర్లు నడవాలి. మీరు తిరిగేది ఏడాదికి 12,000 అన్నారు కాబట్టి ఐదేళ్లు పడుతుంది, అప్పటికి గ్రిప్ మిగిలున్నా రబ్బరు గట్టిపడటం మొదలవుతుంది. బడ్జెట్ రకం 30,000కే అరిగిపోతే అది కూడా కిలోమీటరుకి 61 పైసలు, మిగిలిందేమీ లేదు, పైగా వానలో బ్రేక్ వేసినప్పుడు బండి ఆగే దూరంలో తేడా వస్తుంది. సూర్యాపేట దాటాక హైవే మీద అంత దూరం తిరిగే మీకు అది వద్దు. ఎంఆర్ఎఫ్, అపోలో, సియట్, జేకేలలో మీ కారు సైజుకి దొరికే మధ్యరకం చాలు. మిషెలిన్, బ్రిడ్జ్‌స్టోన్ మంచి టైర్లే, డబ్బు చేతిలో ఉన్నప్పుడు కొనుక్కోండి.

అసలు నాలుగూ ఎందుకు? వెనక టైర్లు ఇంకా బాగానే ఉన్నాయనీ, వాటి మీద 3022 అని ఉందనీ మీరే రాశారు, అంటే 2022లో 30వ వారం తయారైనవి. గాడుల మధ్య చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి, టైరు అరిగి వాటితో సమానమైతే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, మార్చక తప్పదు. వెనకవి ఆ దిమ్మెల కన్నా బాగా ఎత్తులో ఉండి, పక్కల పగుళ్లు లేకపోతే ఇప్పుడు రెండే కొనండి, 12,000తో పోతుంది. కొత్త రెండూ వెనక వేయించి, వెనకవి ముందుకి మార్పించండి. షాపువాళ్లు అలవాటుగా కొత్తవి ముందు బిగించేస్తారు, గట్టిగా చెప్పండి, ఎందుకంటే తడి రోడ్డు మీద వెనక చక్రాలు జారితే బండిని అదుపు చేయడం చాలా కష్టం. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో అది చూసుకోండి.

ఆ 12,000 ఎక్కడిది అంటారు. మీకు లక్ష రూపాయల చిట్టీ ఉంది, నెలకు 5,000, ఇరవై నెలల్లో తొమ్మిది కట్టేశారు, చివరి దాకా ఉంచి బంగారం కొందామనుకుంటున్నారు. బంగారం తర్వాత. వచ్చే నెల పాటలో పాడి ఎత్తేయండి. 15,000 పోయి 85,000 చేతికొచ్చినా లాభమే, కార్డు మీద ఏడాదికి 42 శాతం కడుతున్నారు మరి. పాట 20,000 దాటితే మాత్రం ఆగి, పై నెల చూడండి. ఎత్తిన తర్వాత ష్యూరిటీలు అడుగుతారు, ముందే మాట్లాడి పెట్టుకోండి. పాట అయ్యేదాకా ఆ అరిగిన ముందు టైర్లతో హైవే ఎక్కకండి, నాన్నగారిని బస్సులోనో రైల్లోనో తీసుకెళ్లండి.

డబ్బు రాగానే కార్డు బాకీ మొత్తం కట్టేయండి, వడ్డీతో 60,000 దాకా అవుతుంది. టైర్లు, అలైన్‌మెంట్ పోను పది, పన్నెండు వేలు మిగులుతుంది. దాన్ని, మీ దగ్గరున్న ఏడు వేలలో ఐదు వేలని కలిపి, యూపీఐకి లింక్ చేయని వేరే ఖాతాలో వేయండి. మీ ఎమర్జెన్సీ ఫండ్ అక్కడ మొదలవుతుంది. అద్దె, ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి మీకు నెలకు 39,000 దాకా అవుతోంది, మూడు నెలలకి 1,17,000 కావాలి. అది చూసి భయపడకండి, కార్డుకి కట్టే 3,000 మిగులుతుంది కదా, జీతం పడిన రోజే దాన్ని అటు మళ్లించండి, చిట్టీ అయిపోగానే ఆ 5,000 కూడా. జీతం ఒక నెల ఆగినా, అర్ధరాత్రి నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చినా ముందుగా చేతికి అందేది ఈ డబ్బే. ఇన్సూరెన్స్ ఉన్నా ఆసుపత్రిలో అడ్వాన్స్ అడిగితే చేతి నుంచే కట్టాలి.

టైర్ల ఖర్చు ఈ ఫండ్‌లోంచి తీయకూడదు. టైర్లు అరుగుతాయని కారు కొన్న రోజే తెలుసు, అది ఎమర్జెన్సీ కాదు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతారు, కిలోమీటరుకి 60 పైసల చొప్పున నెలకు 600 విడిగా రికరింగ్ డిపాజిట్‌లో వేసుకోండి, మిగతా రెండు టైర్లు ఇరవై నెలల తర్వాత నగదు ఇచ్చి కొంటారు. కారు ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోకండి, బండికి వేరే దెబ్బ తగలకుండా టైరు ఒక్కటే పేలితే మామూలు పాలసీలో రూపాయి రాదు.

ఆఫీసు హెల్త్ పాలసీలో నాన్నగారు ఉన్నారో లేదో మీరు రాయలేదు. రేపే హెచ్ఆర్‌ని అడగండి, లేకపోతే ప్రీమియం ఎంతైనా చేర్చే వీలుందేమో కనుక్కొని నాకు మళ్లీ రాయండి.