అంతరించిన, అంతరించిపోతున్న, కనుమరుగైన

సందేహం: కేరళ, తమిళనాడు సరిహద్దులోని అగస్త్యమలై కొండల్లో పెరిగే పాఫియోపెడిలమ్ డ్రూరీ అనే ఆర్కిడ్ గురించి మా బడి గోడపత్రికలో ‘అంతరించిన అరుదైన మొక్క’ అని రాశాను. తోటి టీచరు ‘అంతరించిపోతున్న’ అని దిద్దారు. రెండూ ఒకటే కదా? – ఒక ఉపాధ్యాయిని, హనుమకొండ

సమాధానం: ఒకటి కాదమ్మా. మీ తోటి టీచరు దిద్దిందే సరి. రెండూ ధాతుజ విశేషణాలే, అంటే క్రియ నుంచి పుట్టిన విశేషణాలే గానీ ‘అంతరించిన’ భూతకాలం, ‘అంతరించిపోతున్న’ వర్తమానం. పైగా ‘అంతరించు’ మామూలు క్రియ కాదు. ఎండిన చెరువు మంచి వానలు పడితే మళ్లీ నిండుతుంది. అంతరించినదానికి ఆ అవకాశమే లేదు. ఆ జాతిలో చివరి మొక్క కూడా పోయిందనడంలో సందేహం లేనప్పుడే ఆ మాట వాడాలి.

మీరు రాసిన ఆర్కిడ్ కథే దీనికి మంచి ఉదాహరణ. పసుపుపచ్చని రేకుల మధ్య ముదురు గోధుమరంగు చార ఉండే ఈ పువ్వు 1865లో డ్రూరీ అనే ఆంగ్లేయ సైనికాధికారి కంటపడింది. తర్వాత ఎన్నో ఏళ్లు ఎవరికీ కనిపించకపోవడంతో ఇక లేదనుకున్నారు. 1972లో అవే కొండల్లో మళ్లీ దొరికింది! అన్నేళ్లూ అది ‘కనుమరుగైన’ మొక్కే తప్ప ‘అంతరించిన’ మొక్క కాదు. మన కంటికి కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఈ తేడా చెప్పగల మాట తెలుగులో ఉండగా వాడుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు ప్రకృతి సంరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ తయారుచేసే ఎర్ర జాబితాలో (ఏ జీవజాతికి ఎంత ముప్పుందో చెప్పే పట్టికలో) దీనికి అత్యంత ప్రమాదస్థితి. పూలమోజుతో తవ్వుకుపోవడం, గడ్డివాలులకు నిప్పంటుకోవడం దీని ప్రాణం మీదికి తెచ్చాయి. పాఫియోపెడిలమ్ జాతులన్నిటికీ, అడవి నుంచి తెచ్చిన మొక్కల అంతర్జాతీయ వ్యాపారంపై నిషేధం ఉంది, మన వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణా ఉంది.

‘అరుదైన’ కూడా ఆలోచించి వాడాలి. కొద్దిచోట్లే పెరుగుతూ క్షేమంగా ఉన్న మొక్కలుంటాయి, అవి అరుదైనవే గానీ ఆపదలో లేవు. మన ఏటూరునాగారం అడవుల్లో చెట్టుకొమ్మలను వేళ్లతో పట్టుకొని పెరిగే గళ్లపూల వాండా కూడా ఆర్కిడే. చెట్లు కొట్టేశాక అది ఒక ఊళ్లో లేకుండా పోతే ‘మా ఊళ్లో కనుమరుగైంది’ అనండి. ఉత్త ‘అంతరించింది’ అంటే మిగతా అడవుల్లో ఉన్నదాన్నీ లేదన్నట్టవుతుంది.

మీ గోడపత్రికలో ‘అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న ఆర్కిడ్’ అని రాయండి. ‘అంతరించబోయే’ అని మాత్రం వద్దు, అది పోవడం ఖాయమని మనమే తేల్చేసినట్టవుతుంది.