వందేళ్ల వాన మూడేళ్లకే ఎట్లా వచ్చింది?

ప్రశ్న: సార్, మాది హన్మకొండ, నయీంనగర్ నాలా పక్కన. 2020 ఆగస్టులో ఇంట్లకి నీళ్లొస్తే ఇది వందేళ్లకోసారి పడే వాన అన్నరు, సరేలే అనుకున్నం. 2023 జూలైలో మళ్లీ మునిగినం. యూనివర్సిటీ సార్ల లెక్క తప్పా, మా నసీబే అట్లుందా?

జవాబు: లెక్క తప్పు కాదండి, దాన్ని మనకు చెప్పే తీరే బాగుండదు. వందేళ్ల వాన అంటే అంత వాన ఏ ఏడాదైనా పడే చాన్స్ నూటికి ఒకటి అని, అంతే, ఒకసారి పడ్డది కాబట్టి ఇగ మనవళ్ల కాలం దాకా రాదని కాదు. 30 ఏళ్ల హోమ్‌లోన్ తీసుకున్నరనుకోండి, అది తీరేలోపు అట్లాంటి వాన ఒక్కసారైనా చూసే చాన్స్ నూటికి 26.

ఇంకో తిరకాసు ఏందంటే ఆ నూటికి ఒకటి అనేది పాత వానల రికార్డు నుంచి తీసింది, గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకుంటది, అందుకే పాత లెక్క ఇప్పుడు తక్కువ చూపిస్తది. 2023 జూలై 27 పొద్దున వరకు 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు పడ్డది, అంతకుముందు రాష్ట్ర రికార్డు 2013లో వాజేడులో 517.5. రికార్డు దాటడమంటే ఏదో రెండు మూడు మిల్లీమీటర్లు అనుకుంటం కదా, ఇక్కడ తేడానే 130 పైన! భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిల వరదకు జనం ఇళ్ల మీదికెక్కి కూర్చున్నది కూడా ఆ పొద్దుననే.

అట్లని అంతా వాన మీదికే నెట్టేస్తే నేనొప్పుకోను. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దుంకితే నీళ్లు కింది చెరువుకు పోయేవి, ఆ దారిల ప్లాట్లు చేసి అమ్మినంక నీళ్లు మీ గల్లీలకు గాక ఎటు పోతయి? ఎంత వాన పడొచ్చో మోడల్ చెప్తది గానీ నాలా వెడల్పు తగ్గించింది మనుషులే. మీ గోడ మీద నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయో ఆ మరక ఉంటే కొలిచి, తేదీ రాసి, ఫొటో తీసి పెట్టుకోండి, సున్నం మాత్రం అప్పుడే వేయకండి. వరద మ్యాపులు గీసేటోళ్లు తమ లెక్క సరిచూసుకునేది అట్లాంటి గుర్తులతోనే, ఎన్‌ఐటీ సివిల్ డిపార్ట్‌మెంట్‌లో ఎవరికన్నా చూపించినా మంచిదే.

ప్రశ్న: మాది భూపాలపల్లి. నాన్న సింగరేణిలో చేస్తరు. నేను ఎంటెక్ ప్రాజెక్టు సోలార్ మీద అంటే మన కూడు పోగొట్టే చదువా అంటున్నరు.

జవాబు: నాన్న భయం ఉత్తది కాదమ్మా. కాకపోతే బొగ్గు రేపే ఆగదు, పక్కన చెల్పూరు థర్మల్ ప్లాంటుల తీసే కరెంటంతా దానితోనే. అటు రామగుండంలో ఎన్‌టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీదనే 100 మెగావాట్ల సోలార్ 2022 నుంచి నడుస్తుంది, అదీ నిజమే. ప్యానెళ్లు బిగించేటప్పుడు మస్తు మంది కావాలె, తర్వాత చూసుకోవడానికి కొద్దిమందే చాలు. గని మూతపడితే అందులో చేసినోళ్లకు ఏ పని, ఏ ట్రైనింగ్ అన్నదాన్నే ప్రాజెక్టులో ఒక చాప్టర్ చేయి, మొదటి ఇంటర్వ్యూ నాన్నదే తీసుకో.